లంకలో ఒక ఆట: మొదటి తొమ్మిది వారాల డైరీ

జూన్ 8

ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో ముందే రాసిపెట్టుకోవాలి. లేకపోతే రెండు నెలలయ్యాక నేనే మర్చిపోయి, ఏదో గొప్ప ఆలోచనతో మొదలెట్టానని చెప్పుకుని తిరుగుతాను.

వేసవి సెలవులకి అక్క కొడుకు వచ్చి నా కంప్యూటర్లో విచర్ 3 అనే వీడియో గేమ్ ఎక్కించాడు. ఏదో ఆఫీసువాళ్ళు వదిలించుకున్న సెకండ్ హ్యాండ్ పెట్టె అది. మూడో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, విడిగా కొని తగిలించిన జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు. ఆట 2015 మే నెలలో వచ్చింది కాబట్టి నడుస్తుందనుకున్నాం. 2022 డిసెంబరులో వచ్చిన కొత్త వెర్షన్ మాత్రం మా పెట్టెకి మింగుడు పడలేదు. దాని కొత్త గ్రాఫిక్స్ పద్ధతి డైరెక్ట్‌ఎక్స్ 12లో గుర్రం మూడడుగులు వేస్తే బొమ్మ ఒకసారి ఆగేది. ఆటలు అమ్మే స్టీమ్‌లో పాత 1.32 వెర్షన్‌కి వెనక్కి వెళ్ళే వీలుంది. వెళ్ళాం, కుదుటపడింది.

మొదటి ప్రాంతం వైట్ ఆర్చర్డ్. తోటలు, ఒక సత్రం, ఆకాశంలో గ్రిఫిన్ అనే రెక్కల మృగం. బాగుంది గానీ నాకేమీ అంటలేదు. రెండో ప్రాంతం వెలెన్‌లోకి దిగాక కుర్చీ ముందుకి జరుపుకున్నాను. అంతా బురద, తుంగ, ఒరిగిపోయిన గుడిసెలు, నదీ పాయలు, ఒడ్డున కట్టేసిన చిన్న పడవలు. ఎక్కడో వార్సాలో కూర్చున్నవాళ్ళు ఊహించుకున్న చోటు, మా పి.గన్నవరం దిగువ లంకల్లో, అంటే గోదావరి మధ్య దీవుల్లో, మబ్బు పట్టిన మధ్యాహ్నంలా ఉంది. కొబ్బరిచెట్లు లేవు, అంతే తేడా.

మూడు రాత్రులు కథ వదిలేసి పడవ మీద తిరిగాను. అప్పుడు దురద మొదలైంది. ఆ పడవ ముక్కు ఎటు తిప్పితే అటే పోతుంది. ఏరు దాన్ని ఎటూ లాగదు. ఒక రాత్రి ఆటలో పెద్ద వాన పట్టింది. హీరోని ఒడ్డున కూర్చోబెట్టి ధ్యానం చేయించి మర్నాడు పొద్దున దాకా కాలం నడిపాను. వాన వెలిసింది. నీరు ఉన్నచోటే ఉంది, ఒక్క అంగుళం కూడా పెరగలేదు.

"అది ఆట మావయ్యా" అన్నాడు వాడు.

ఏరు పెరగని లంక లంకెలా అవుతుంది?

జూన్ 12

నిర్ణయం: ఏరు పెరిగే ఆట నేనే కడతాను. ఒక లంక, ఒక రేవు, ఒక కాజ్‌వే (ఏటికి అడ్డంగా వేసిన పల్లపు రోడ్డు), ఒక వరద. ఇంతే ప్రపంచం. కిలోమీటరున్నర పొడవు, కిలోమీటరు వెడల్పు. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గోడో 4లో చేస్తాను. ఉచితం అన్నది మొదటి కారణం. రెండో కారణం తెలుగు. గోడో 3లో తెలుగు రాస్తే ఒత్తులు విడిపోయి పక్కన నిలబడేవి. 4లో హార్ఫ్‌బజ్ ఉంది, అక్షరాలు సరిగ్గా కలుస్తాయి.

"స్త్రీశక్తి" అని రాసి చూశాను. కలిసింది. ఆ రోజుకి అది చాలు, పడుకున్నాను.

జూన్ 19

నేల కోసం వారం పోయింది.

2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ మీద నుంచి రాడార్‌తో భూమి ఎత్తులు కొలిచారు. ఎస్‌ఆర్‌టీఎం అంటారు. ఆ డేటా ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు, 30 మీటర్లకో చుక్క. మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో మా లంక ముక్క కత్తిరించి, ఎత్తుల బొమ్మగా మార్చి, గోడోలోకి ఎక్కించాను. తెరవగానే కొండలు! మా లంకలో!

కాసేపు బుర్ర గోక్కున్నాక అర్థమైంది. ఆ రాడార్‌కి కొబ్బరిమొవ్వ కనిపిస్తుంది గానీ కింద నేల కనిపించదు. తోట ఉన్నచోటల్లా నేల లేచి కూర్చుంది, వరిచేను దగ్గర పడిపోయింది. పైగా ఎత్తులన్నీ పూర్తి మీటర్లలో ఉంటాయి. ఒక మీటరు తేడాతో కొంపలు మునిగే ఊరికి ఈ కొలత ఎందుకు పనికొస్తుంది? హిమాలయాలకి పనికొస్తుందేమో.

పడేశాను. మా వీధి తాపీమేస్త్రి దగ్గర లెవెల్ పైపు ఉంది. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు పోసి, రెండు కొసలూ రెండు చోట్ల పట్టుకుంటే నీరు సమానంగా నిలుస్తుంది. వేల ఏళ్ళ నుంచీ నీటికున్న తెలివి అది. ఆయనా నేనూ రెండు రోజులు ఏటిగట్టు మీద నుంచి రేవు దాకా కొలుచుకుంటూ దిగాం. మా పెరటిని సున్నా అనుకుంటే, గట్టు మీద రోడ్డు 3.2 మీటర్లు పైన. ఇంటి అరుగు 70 సెంటీమీటర్లు పైన. కాజ్‌వే 2.1 మీటర్లు కింద. రేవులో ఎండాకాలం నీటి అంచు అంతకన్నా కాస్త కింద. నా ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తయిన నేలకీ పల్లమైన నేలకీ తేడా ఆరు మీటర్లు లేదు.

"ఇల్లు కడతారా బాబుగారూ, ఇంత కొలుస్తున్నారు?" అనడిగాడు మేస్త్రి. ఆట అని చెప్పాను. కూలి మాత్రం ఇంటి లెక్కనే తీసుకున్నాడు.

జూన్ 23

కొలతలన్నీ పెట్టి ఎత్తుల బొమ్మ నేనే గీశాను. ఎక్కిస్తే లంక మొత్తం కోనేటి మెట్లలా వచ్చింది. తప్పు నాదే. బొమ్మలో నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లుంటాయి. వాటిని 0 నుంచి 255 మీటర్లుగా చదవమని గోడోకి చెప్పాను. ఆరు మీటర్ల లోపు లంకకి దక్కినవి ఆరేడు మెట్లు. అవే 256 మెట్లని ఆరు మీటర్లకి సర్దితే ఒక్కో మెట్టు రెండున్నర సెంటీమీటర్ల లోపుకి వచ్చింది. నేల నున్నగా అయింది. ఇలాంటి పల్లపు ఊరికి దొరికే సుఖం ఇదొక్కటే.

జూలై 1

కొబ్బరిచెట్లు. ఎనిమిది మీటర్ల ఎడంలో నాటితే ఎకరానికి అరవై చిల్లర. సగం లంక తోటే కాబట్టి పదకొండు వేల పైచిలుకు చెట్లు. ఒక్కో చెట్టునీ విడివిడి వస్తువుగా పెట్టాను. సెకనుకి 9 ఫ్రేములు. స్లైడ్ షో.

మల్టీమెష్‌లో పెడితే ఒకే ఆకారాన్ని వేలసార్లు ఒక్క దెబ్బలో గీస్తుంది. కానీ మొత్తం లంకకి ఒకే మల్టీమెష్ పెడితే, ఒక చెట్టు కనిపించినా పదకొండు వేలూ గీస్తుంది. 64 మీటర్ల గళ్ళుగా కోసి, దూరం గళ్ళకి అట్టముక్క లాంటి చెట్లు పెట్టాను. 40 దాటింది. రాత్రి రెండింటికి కరెంటు పోయి యూపీఎస్ కుయ్యోమంటుంటే సేవ్ చేసి పడుకున్నాను.

జూలై 5

నడిచి చూస్తే అసలు చిక్కు బయటపడింది. తప్పిపోయాను. మా లంకలో నేనే.

ఇంకో పెద్ద ఆట స్కైరిమ్‌లో ఎక్కడ నిలబడ్డా ఏదో కొండ కనిపిస్తుంది. అన్నిటికన్నా పెద్ద కొండ దాదాపు మ్యాపంతటికీ దిక్కు చూపిస్తుంది. విచర్‌లోనూ బారన్ కోట గుట్ట మీద ఉంటుంది. ఎటైనా తిరగనిచ్చే ఓపెన్ వరల్డ్ ఆటలు కట్టేవాళ్ళ మొదటి కిటుకే అది. దూరంగా ఎత్తుగా ఏదో కనపడాలి, ఆడేవాడు దానికోసం నడవాలి. కొబ్బరితోటలో కనిపించేది ముప్పై మీటర్లు. ఆపైన ఇంకో కొబ్బరిచెట్టు. దాని వెనక మరోటి.

మరి మనం ఎలా తిరుగుతున్నాం? రెండు రోజులు ఇదే పనిగా మనుషుల్ని గమనించాను. మా అమ్మని "పెద్ద మకాం ఎటు?" అనడిగితే ఉత్తరం అనలేదు, కుడివైపు అనలేదు. "బోదె దాటి ఎగువకి పో, పుంత తగులుతుంది" అంది. బోదె అంటే చిన్న కాలువ, పుంత అంటే పొలాల మధ్య బండిబాట. ఎగువ, దిగువ, ఏటివైపు, గట్టువైపు. ఈ నాలుగే దిక్కులు. ఇవి సూర్యుణ్ణి బట్టి వచ్చినవి కావు, నీటిని బట్టి వచ్చినవి.

స్క్రీన్ పైనున్న దిక్సూచి పీకేశాను. దాని బదులు ఏమీ పెట్టలేదు. బోదెల్లో నీరు పారేలా చేశాను, నీటి మీద ఎండుటాకులు కొట్టుకుపోయేలా. ఆకు ఎటు పోతే అది దిగువ. పొద్దు వాలాక గుడి మైకు వినిపిస్తుంది, చెవి ఎటు తిప్పితే అటు పెరుగుతుంది. వాటర్ ట్యాంకు గట్టెక్కితేనే కనిపిస్తుంది. మూడు మీటర్ల గట్టెక్కడం కొండెక్కినంత సంబరంగా అనిపించిందంటే నమ్మండి.

జూలై 13

ఈ వారమంతా మాటలు.

ఆర్‌పీజీ (పాత్ర వేసి ఆడే ఆట) అంటే పరపతి ఉండాలి. పని చేసిపెట్టిన కొద్దీ ఊళ్ళో పేరు పెరగాలి. మామూలుగా దానికో గీత పెట్టి నింపుతారు. నేను గీత పెట్టలేదు. మా వైపు దానికి కొలత మాటలోనే ఉంది. కొత్తవాడితో ప్రతి మాట చివరా అండి. వాక్యం మధ్యలో కూడా అండి. "ఆయ్, అలాగేనండి." దగ్గరయ్యాక అండి రాలిపోతుంది. వేరే ఆటల్లో గౌరవం పెరిగితే గెలుపు, నా ఆటలో మర్యాద తగ్గితే గెలుపు. కొట్టాయన మొదట "ఏం కావాలండి?" అంటాడు. తర్వాత "ఏం కావాలి బాబూ?" ఎప్పుడో ఒకనాడు "ఏరా, బయటే నిలబడ్డావేం, లోపలికి రా" అన్నాడంటే నువ్వు ఊరివాడివైనట్టు.

ఒక్కో మాటా మూడు రకాలుగా రాసి అమ్మకి చదివి వినిపించాను. సగంలోనే ఆపేసింది. "కొట్టాయన కోడలు నిన్ను ఏరా అంటుందా? వందేళ్ళున్నా అనదు. నువ్వు పెద్దమ్మ కాళ్ళ మీద పడ్డా ఆవిడ మొదటి రోజే ఒరేయ్ అంటుంది." నిజమే. వయసు, వరస, ఆడమగ, ఇవన్నీ చూడాలి. ఆటలో 14 మంది మనుషులు. ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారో పట్టిక వేస్తే 182 గళ్ళు వచ్చాయి. అమ్మ పప్పు ఏరుకుంటూ ఒక్క పూటలో 182 గళ్ళూ నింపించేసింది. ఎక్కడా తడుముకోలేదు. రెండు చోట్ల మాత్రం "వీళ్ళకి మాటల్లేవు, ఖాళీగా ఉంచు" అంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఆటలో మనుషులు నేను కల్పించినవాళ్ళు కదా అంటే, "నాకు తెలియదనుకున్నావా ఎవరో" అంది.

చిన్న తలనొప్పి ఒకటి: డైలాగు ఒక్కో అక్షరంగా టైపవుతూ రావాలని పెడితే "స్త్రీ" అనేది ముందు స, తర్వాత స్, తర్వాత స్త... ఇలా అక్షరం మారిపోతూ వణుకుతోంది. లేబుల్‌లో కనిపించే అక్షరాలు పొత్తు కలవక ముందు లెక్కపెట్టాలా, కలిశాక లెక్కపెట్టాలా అని ఎంచుకునే సెట్టింగు ఉంది. కలిశాక అని పెట్టాను, వణుకు పోయింది.

జూలై 20

నీరు.

ఆట మొత్తం ఒకే ఒక్క అంకె మీద నడుస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం, అడుగుల్లో. ఇక్కడ పుట్టిన పిల్లాడికి ఎక్కాల కన్నా ముందు వచ్చే అంకెలివి: 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. సముద్రంలోకి వదిలే నీటి లెక్కలో 10 లక్షల క్యూసెక్కులు, 13 లక్షలు, 17 లక్షలు. మా కాజ్‌వే మొదటి హెచ్చరిక దాకా కూడా ఆగదు, ముందే మునిగిపోతుంది.

ఆటలో ఈ అంకె ఎక్కడా కనిపించదు. కొట్టు ముందు రేడియో చెబుతుంది, టీ తాగేవాళ్ళు చెప్పుకుంటారు. "భద్రాచలంలో 43 దాటిందంట" అని వినబడితే అక్కడ మొదటి హెచ్చరిక వచ్చినట్టు, ఆ నీరు మనకి తర్వాత వస్తుంది. ఆ మధ్యలో ఉన్న టైమే నా ఆట. గొడ్లని గట్టు మీదకి తోలాలి. ఎండుగడ్డి ఎక్కించాలి. గ్యాస్ బండ, బియ్యం, కాగితాలు అటక మీద పెట్టాలి. ముసలావిణ్ణి ఒప్పించి పడవెక్కించాలి (ఆవిడ ఒప్పుకోదు).

అమ్మ 1986 ఆగస్టు వరదకి మా పాత ఇంటి గోడ మీద నీరు వచ్చిన చోట పెట్టిన గీత చూపించింది. తర్వాత ఎన్నిసార్లు సున్నం వేసినా ఆ బెత్తెడు చోటు వదిలి వేయిస్తోంది. లెవెల్ పైపుతో ఆ గీత కూడా కొలిచాను. ఆటలో అంతదాకా నీరు రానివ్వాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

జూలై 27

మొదటిసారి బయటివాళ్ళ చేతికిచ్చాను. ముగ్గురు.

అమ్మ: మౌసు పట్టుకోనంది. నన్ను నడిపించమని వెనక నిలబడి చూసింది. "పెరట్లో బట్టలు ఆరేసే తీగ ఏదీ?" అంది. పెట్టాను. ఊళ్ళో ఒక్క కుక్క కూడా లేదంది. అదీ నిజమే.

అక్క కొడుకు: నాలుగు నిమిషాలు. "మావయ్యా, శత్రువులెక్కడ?" లేరన్నాను. "కనీసం పాములు?" ఉంటాయి, వరదలో వస్తాయన్నాను. "ఎంతసేపటికి?" ఆట టైములో మూడు రోజులకి. కుర్చీ లోంచి లేచి ఫోను తీశాడు. విచర్‌లో రాక్షసులకి వెండికత్తి, మనుషులకి ఉక్కుకత్తి ఉంటాయట. "నీ ఆటలో చేతిలో పడవ నెట్టే గెడ తప్ప ఏదీ లేదు మావయ్యా." వాడి మొహం చూస్తే జాలేసింది. నా మీద నాకే.

పడవ బాబాయి: రేవులో నలభై ఏళ్ళు గెడ వేసిన మనిషి. మొదటి చూపుకే నవ్వాడు. "గోదారి నీలంగా ఎప్పుడుందిరా అబ్బాయ్?" నేను మొదట్లో పెట్టిన నీలం రంగే ఉంచేశాను. ఎండాకాలం ఆకుపచ్చ, వరద మొదటి నీరు ఇటుకరంగు, రెండో రోజుకి పాలపొడి వేసిన టీలా ఉంటుందన్నాడు. ఫోన్లో ఫొటోలు కూడా చూపించాడు, రంగు తేడా తేల్చడానికి.

తర్వాత పడవెక్కాడు. అవతలి రేవు వైపు తిప్పి బాణం మీట నొక్కితే పడవ తిన్నగా పోయింది. ఆగిపోయాడు. "ఇదేం పడవరా? ఆర్టీసీ బస్సు." ఆ తప్పు నేను విచర్‌ని తిడుతూ ఈ డైరీలో మొదటి రోజే రాసుకున్నదే. ఏడు వారాల తర్వాత నేనూ అదే చేశాను.

బాబాయి కాగితం మీద గీసి చూపించాడు. ఒడ్డు పక్కన నీరు మెత్తగా ఉంటుంది. అక్కడ గెడేసుకుంటూ ముందు ఎగువకి పోవాలి. వరద జోరుని బట్టి ఎంత ఎగువకో అనుభవం చెప్తుంది. అప్పుడు ముక్కు కాస్త ఎగువకే ఉంచి అడ్డం పడాలి. మిగతాది ఏరే చేస్తుంది, తీసుకెళ్ళి అవతలి రేవులో పెడుతుంది. తక్కువ ఎగువకి పోయావా, రేవు దాటిపోయి ఇసుకతిప్ప మీద కూర్చుంటావు.

ఆగస్టు 3

ఏటికి ప్రవాహపు బొమ్మ వేశాను. రంగుల్లో ఎరుపు ఒక దిశ, ఆకుపచ్చ ఇంకో దిశ. ఒడ్డున నెమ్మది, నడిమధ్యన జోరు. బ్యారేజీ అంకె పెరిగితే జోరు పెరుగుతుంది. పడవ మీద ఆ తోపుడు కలుస్తుంది. కోడ్ చూస్తే ఇరవై వరసలు లేదు. కానీ ఆట మారిపోయింది.

మేనల్లుడు మళ్ళీ వచ్చాడు, బిర్యానీ ఆశ చూపిస్తే. కాజ్‌వే మీద నుంచి నడిచి అవతలికి పోయి, కొట్లో కబుర్లు వింటూ కూర్చున్నాడు. భద్రాచలం మాట రేడియోలో వచ్చింది, పట్టించుకోలేదు. తిరిగొచ్చేసరికి కాజ్‌వే లేదు. గేదె ఇవతల పాకలో కట్టేసి ఉంది. వాడు అవతల ఉన్నాడు.

మొదటిసారి పడవ తిన్నగా తిప్పాడు, తిప్పెక్కాడు. రెండోసారి కూడా. మూడోసారి ఒడ్డంట ఎగువకి పోయాడు, చాలినంత పోలేదు. ఆరోసారికి రేవు అందింది. చీకటిపడింది, గేదె పీకల్లోతు నీళ్ళలో అరుస్తోంది. వాడు నోరు తెరిచి ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. నలభై నిమిషాలు ఫోను ముట్టుకోలేదు. పలుపు విప్పాక గేదె గట్టు వైపు నడిచింది, నడుస్తూ నడుస్తూ బోదెలో దిగి నీటి అడుగునే నడుచుకుంటూ పోయి అవతల తేలింది. దానికి ఈత పెట్టడం మర్చిపోయాను.

"మావయ్యా, గేదె సబ్‌మెరీన్" అన్నాడు. కానీ మళ్ళీ మొదటినుంచి లోడ్ చేశాడు. ఈసారి రేడియో దగ్గర ఆగి విన్నాడు.

ఆగస్టు 9

ఆట పని ఏమీ జరగలేదు. నిజం కాజ్‌వే నిన్న రాత్రి మునిగింది. అమ్మ ముందే గ్యాస్ బండ ఎక్కించేసింది, నన్ను అడగలేదు.

పొద్దున ఆఫీసుకి బాబాయి పడవలో వెళ్ళాను. నీరు సరిగ్గా పాలపొడి టీ రంగులో ఉంది, గుర్రపుడెక్క కుప్పలు కుప్పలుగా కొట్టుకొస్తోంది. ఒడ్డంట ఎగువకి గెడేసుకుంటూ పోయి, పెద్ద రావిచెట్టు దగ్గర అడ్డం పడ్డాడు. నేను ఆటలో పెట్టిన దూరానికి ఇది రెండింతలుంది. నడిమధ్యకి రాకముందే పడవ ఒక్కసారి ముక్కు తిప్పుకుంది. బాబాయి గెడ వదిలి తెడ్డు అందుకుని రెండు పోట్లు పొడిచాడు, సర్దుకుంది. కింద ఎప్పుడో మునిగిపోయిన పాత గట్టు ముక్క ఉందట, దాని వెనక నీరు తిరుగుతుంది.

"ఈ సుడి పెట్టావా నీ ఆటలో?" అన్నాడు.

లేదన్నాను.

"మరి రాసుకో. ఎండాకాలం ఇక్కడ నడుం లోతు. గేదెలు పడుకుంటాయి."

ఫోను తీసి రాసుకున్నాను: రావిచెట్టుకి దిగువన, ఇవతలి ఒడ్డు నుంచి మూడో వంతు దూరంలో, కుడి నుంచి ఎడమకి తిరుగుతుంది. 9 అడుగుల లోపు అసలు ఉండదు. గేదెకి ఈత.